పలుకు

మా ఇంట్లో పంచాంగం మేకుకి వేలాడేది కానీ
తిథి తెలిసేది మావయ్య చేతుల వల్ల.
చైత్రం చివర్లో అవి వాసన మొదలెట్టేవి.
అడివివరం సందులో ఆయనింకా మలుపు తిరగకముందే
చిలకమ్మత్త ఎసరు పెట్టేసేది.
"వచ్చేత్తన్నాడు మీ మావ. గాలి సెప్తంది."

లంక పైడన్న. కొండమీద గంధం తీసే పని.
సాన మీద నీళ్ళు, నీళ్ళ మీద చెక్క,
చెక్క మీద మనిషి బరువంతా.
మొదటి విడత వైశాఖ తదియకి, రెండోది పున్నానికి,
తర్వాత జ్యేష్ఠం, ఆఖరుది ఆషాఢం.
ఏడాదంటే ఆయనకి ఒక తదియా మూడు పున్నాలూ.
మిగతాదంతా భుజం నొప్పి.

చిన్నప్పుడు కథ చెప్పేవాడు.
పురూరవుడు పుట్ట తవ్వితే అప్పన్న బయటపడ్డాడట,
పంది మొహం, సింహం తోక.
ఎంత మన్ను తీశావో అంత గంధం పూయమన్నాడట.
"మరి ఆ మన్ను ఎవరు తూచారు మావా?"
ఆయన బీడీ ఆర్పి చాలాసేపు ఆలోచించాడు.
"తవ్వినోడి నడుం."

నేనిప్పుడు పోర్టులో ఇనుప ఖనిజం జల్లిస్తాను.
ఓడ ఎక్కేముందు ఆ ధూళిలో
ఏ పలుకు ఎంత పెద్దదో రాసి సంతకం పెడతాను.
నా రుమాలు ఎర్రగా, ఆయన రుమాలు లేత పసుపుగా
ఒకే తీగమీద ఆరేవి.
అత్త రెండింటినీ తిట్టుకుంటూనే ఉతికేది.

ఒక జ్యేష్ఠంలో అత్త కేజీహెచ్‌లో పడింది,
కిటికీ పక్క మంచం, సముద్రం కొంచెం కనపడేది.
పగలు సాన దగ్గర, రాత్రి వార్డు వరండాలో ఆయన.
మొల్లో దోపుకున్న ఫోను మోగిందేమోనని
చెయ్యి ఆగేదట,
మోగలేదని మళ్ళీ కదిలేదట.
పున్నమి వెళ్ళిన నాలుగో రోజు మోగింది.
మైల తీరాక కూడా ఆయన సాన ముట్టలేదు.

మరుసటేడు చందనోత్సవానికి, ఉచిత క్యూలో
అందరిలాగే నిలబడ్డాడు, నన్ను తోడు తీసుకుని.
ఇన్నేళ్ళూ ఆ రోజు వెనకాల నీళ్ళు మోశాడు,
నిజరూపం చూసే తీరిక ఏదీ?
తెల్లారుజాము మూడింటి నుంచి మధ్యాహ్నం దాకా
మజ్జిగ పొట్లాలు, పిల్లల ఏడుపులు,
మెట్ల మీద సొమ్మసిల్లిన ఒక చోడవరం ముసలమ్మ.
తోస్తే లోపలికెళ్ళాం, తోస్తే బయటికొచ్చాం.
నాకైతే ఎవరిదో భుజం కనిపించింది.
"నువ్వు చూశావా?"
పలకలేదు.

ఒలిచిన గంధం పొట్లాలమ్ముతుంటే ఒకటి కొన్నాడు.
చెప్పుల స్టాండు పక్కన గొంతుక్కూర్చుని
కాస్త తీసి వేళ్ళ మధ్య నలిపాడు.
ఆగాడు.
మళ్ళీ నలిపాడు.

"పలుకు," అన్నాడు.
"ముప్పయ్యేళ్ళలో నాను పలుకు రానీనేదు.
ఇది మీ అత్త మంచాన ఉన్నప్పటిది.
నాదే."
ఎండలో వేలు పైకెత్తి పట్టుకున్నాడు.
"పదకొండు నెల్లు ఒంటిమీద మోసీసినాడే.
గుచ్చుకోదేటి? గుచ్చుకునే ఉంటది.
ఒక్క పలుకు పలకనేదు."

చెప్పుల టోకెను ఎక్కడ పడేశామో దొరకలేదు.
కాలుతున్న మెట్ల మీద ఉత్తకాళ్ళతో
కొండ దిగాం.

ఆ పలుకు పంచాంగంలో, జ్యేష్ఠం పేజీలో ఉంది,
చుట్టూ కొంచెం మరక.
నా ఏ జల్లెట్లో ఆగుతుందో చూడగానే తెలిసింది,
ఆయనకి చెప్పలేదు.
ఉగాదికి కొత్త పంచాంగం వస్తే
పాతదాంట్లోంచి అందులోకి
తడి వేలితో ఆయనే మారుస్తాడు.